తేలు విషం లీటరు 80 కోట్లట, మా బావమరిది తేళ్ల ఫారం పెడతానంటున్నాడు. అసలు దీంతో మందులు చేస్తారా?

దర్శి_వాసు
అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా బావమరిదికి ఊళ్లో ఖాళీ కోళ్ల షెడ్డు ఒకటుంది, రెండేళ్ల కిందట బ్రాయిలర్లలో దెబ్బతిని మూసేశాడు. పోయిన నెల యూట్యూబ్‌లో ఒక వీడియో చూశాడు. ప్లాస్టిక్ డబ్బాలు అరల నిండా పేర్చి, డబ్బాకో తేలును పెట్టి, పట్టకారుతో పట్టుకుని తోకకు సన్నగా కరెంటు తగిలించి విషం తీస్తున్నారు. అప్పటినుంచి మనిషికి నిద్ర లేదు. లీటరు 80 కోట్లట, క్యాన్సర్ మందుల కోసం అమెరికా కంపెనీలు ఎగబడి కొంటాయట. వీడియో కింద నంబరుకు ఫోన్ చేస్తే, మూడు లక్షలు కట్టండి, వంద తేళ్లు, డబ్బాలు, ట్రైనింగు అన్నీ ఇస్తాం, తీసిన విషం మేమే కొంటాం అన్నారట. "బావా, నువ్వు సగం పెట్టు" అని నా వెంట పడ్డాడు. మా ఆవిడ ఎటూ తమ్ముడి వైపే. నా సైన్సు టెన్త్‌తోనే ఆగిపోయింది. తేలు విషంతో నిజంగా మందులు చేస్తారా, లేక ఇదంతా బోగసా?

బెజవాడ_బుల్లోడు
ఈము పక్షులు గుర్తున్నాయా అన్నా? గుడ్డు ఇంత, నూనె అంత, తోలు ఇంకెంతో అన్నారు. పిల్లలు అమ్మినవాడు బాగుపడ్డాడు, పెంచినవాడు మేత కొనలేక రోడ్డు మీద వదిలేశాడు. ఇదీ అదే సినిమా, హీరోకి మాత్రం ఎనిమిది కాళ్లు.

పెప్టైడ్_పంతులు
వాసు గారు, మీరు అడిగినవి రెండు వేరు వేరు ప్రశ్నలు. మందులు చేస్తారా అంటే, ఆ ప్రయత్నం ముప్పై ఏళ్లుగా గట్టిగానే జరుగుతోంది. అందుకని ఫారం పెట్టొచ్చా అంటే, వద్దు. నేను హైదరాబాద్‌లో పెప్టైడ్లు (ప్రొటీన్ల చిన్న ముక్కల్లాంటివి) తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తాను, ఇది నాకు రోజూ చేసే పని కాబట్టి కాస్త వివరంగా చెప్తా.

ముందు ఆ 80 కోట్ల సంగతి. గ్యాలను తేలు విషం 3 కోట్ల 90 లక్షల డాలర్లు అనే అంకె ఇంటర్నెట్‌లో ఏళ్ల తరబడి తిరుగుతోంది. గ్యాలనంటే మూడు లీటర్ల ముప్పావు. రూపాయల్లోకి మారిస్తే లీటరుకు 80 కోట్లు దాటుతుంది, లెక్కలో తప్పు లేదు. కానీ లీటరు విషం ఒక్కచోట చూసినవాడెవడు? ఒక తేలు నుంచి ఒకసారికి వచ్చేది రెండు మైక్రోలీటర్లు (మైక్రోలీటరంటే లీటరులో పది లక్షలో వంతు) అనుకుందాం, చాలా జాతుల్లో అదీ రాదు. సూది మొన మీద నిలిచే బొట్టు అది. లీటరు కావాలంటే ఐదు లక్షల సార్లు పితకాలి. మళ్లీ విషం ఊరడానికి రెండు వారాలు ఆగాలి. వెయ్యి తేళ్లు పెట్టుకుని, ఒక్కటీ చావకుండా చూసుకుంటూ, రెండు వారాలకోసారి తీస్తే లీటరు నిండటానికి 19 ఏళ్లు. మీ బావమరిదికి ఇస్తామన్నది వంద తేళ్లు. ఇంక మీరే లెక్కేసుకోండి.

దర్శి_వాసు
190 ఏళ్లు!! ఇది స్క్రీన్‌షాట్ తీసి వాడికి పంపించా. "లీటరు ఎందుకు బావా, గ్రాముల్లో కూడా కొంటారు" అన్నాడు. దీనికేం చెప్పాలి?

పెప్టైడ్_పంతులు
ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. అసలు విషయం అక్కడే ఉంది.

తేలు విషం ఒకే పదార్థం కాదు. పదుల్లో, కొన్ని జాతుల్లో వందల్లో చిన్నా పెద్దా అణువులు కలిసిన పులుసు అది. మందుకు పనికొస్తే అందులో ఏదో ఒక్కటే పనికొస్తుంది. అన్నిటికంటే పేరున్నది క్లోరోటాక్సిన్. ఉత్తర ఆఫ్రికాలో, మధ్యప్రాచ్యం ఎడారుల్లో తిరిగే పసుపుపచ్చ డెత్‌స్టాకర్ తేలుది. 36 అమైనో ఆమ్లాల (ప్రొటీన్లకు ఇటుకల్లాంటివి) గొలుసు, నాలుగు చోట్ల గంధకం బంధాలతో గట్టిగా ముడేసి ఉంటుంది. దారాన్ని ఉండ చుట్టి నాలుగు కుట్లు వేస్తే ఎలా విడిపోదో అలాగన్నమాట, రక్తంలో కూడా తొందరగా చెదరదు. దీని వివరాలు 1993లో అచ్చయ్యాయి. తర్వాత అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో హెరాల్డ్ సోంథైమర్ బృందం ఇది గ్లియోమా అనే మెదడు కణితి కణాలకు అంటుకుంటుందనీ, పక్కనున్న మంచి కణాలను పెద్దగా పట్టించుకోదనీ గమనించింది. కథ అక్కడ మొదలైంది.

ఇప్పుడు మీవాడి ప్రశ్నకు వస్తా. ఆ 36 ఏ వరసలో ఉన్నాయో తెలిసిపోయాక ఇక తేలుతో పనేముంది? వరస కంప్యూటర్లో కొడితే ల్యాబ్‌లో మెషిన్ ఒక్కొక్కటే తగిలిస్తూ పోతుంది, తర్వాత ముడులు సరిగ్గా పడేలా చూసుకుని శుద్ధి చేస్తాం. తేలు ముఖం చూడకుండానే గ్రాముల కొద్దీ తయారవుతుంది. మనుషులకు ఇచ్చి పరీక్షించిన రకాలన్నీ ఇలా చేసినవే. పైగా ఫారంలో తీసిన పచ్చి విషాన్ని ఏ మందుల కంపెనీ అయినా ఎలా తీసుకుంటుంది? ఇవాళ తీసినదానికీ రేపు తీసినదానికీ పోలిక ఉండదు. పరిశోధనకు అసలు విషం కావాల్సిన మాట నిజమే, అయితే అది మిల్లీగ్రాముల్లో, జాతి పేరుతో, పూర్తి రికార్డులతో ఉండాలి. కోళ్ల షెడ్డు నుంచి కొనరు.

సియాటిల్_సుధ
క్లోరోటాక్సిన్ పేరు కనిపించేసరికి ఆగలేకపోయాను. దీని తర్వాతి అంకం మా ఊళ్లోనే జరిగింది. నేను ఆపరేషన్ థియేటర్ నర్సుని. అక్కడ జరిగిన ట్రయల్స్‌తో (మనుషుల మీద చేసే మందు పరీక్షలు) నాకు సంబంధం లేదు కానీ మెదడు ఆపరేషన్లు చాలా చూశాను.

చదివేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. మెదడులో కణితి వేరే రంగులో ముద్దలా ఉంటుందనుకుంటారు. అంచుల దగ్గర అదేమీ ఉండదండీ. కొబ్బరిలో లేత ఎక్కడ ఆగిందో ముదురు ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించమన్నట్టు ఉంటుంది. డాక్టరు గారు మైక్రోస్కోపులోంచి చూస్తూ, చూషణ గొట్టం కొసతో మెల్లగా తాకుతూ, కాసేపు చెయ్యి కదపకుండా ఆగిపోతారు. ఇంకొంచెం తీస్తే మాట పోవచ్చు, తీయకపోతే అక్కడినుంచే మళ్లీ పెరుగుతుంది. ఆ నిశ్శబ్దంలో మానిటర్ కూత ఒక్కటే వినిపిస్తుంది.

సియాటిల్‌లో పిల్లల క్యాన్సర్ డాక్టర్ జిమ్ ఓల్సన్ బృందం క్లోరోటాక్సిన్‌కు మెరిసే రంగు తగిలించి, కణితి దానంతటదే వెలిగేలా చేయొచ్చని 2007లో ఎలుకల్లో చూపించింది. ట్యూమర్ పెయింట్ అన్నారు. తర్వాత బ్లేజ్ బయోసైన్స్ అనే కంపెనీ పెట్టి మనుషుల కోసం మార్చిన రకం టోజులెరిస్టైడ్. అందులో తగిలించింది ఇండోసయనిన్ గ్రీన్, కళ్ల డాక్టర్లు ఎప్పటినుంచో వాడుతున్న రంగే. ఇంజెక్షన్ ఇచ్చాక ఆపరేషన్ సమయంలో పరారుణ కెమెరాలో చూస్తే కణితి వెలుగుతూ కనిపించాలి. పెద్దవాళ్లలో, పిల్లల్లో ట్రయల్స్ జరిగాయి. ఇంకా అనుమతి పొందిన మందు కాలేదు.

బెజవాడ_బుల్లోడు
అంటే తేలు ఇక్కడ మందు కాదు, హైలైటర్ పెన్ను. బాగుంది మేడం.

పెప్టైడ్_పంతులు
@బెజవాడ_బుల్లోడు సరిగ్గా చెప్పావు. విషం చంపుతుందని కాదు, అడ్రసు తప్పకుండా పోతుందని వాడుతున్నారు. దానికి ఏ సరుకు తగిలిస్తే అది మోసుకుపోతుంది. ముందు రేడియోధార్మిక అయోడిన్ తగిలించి గ్లియోమా రోగుల్లో చూశారు, మార్కెట్ దాకా రాలేదు. 2020లో కాలిఫోర్నియాలోని సిటీ ఆఫ్ హోప్ వాళ్లు ఇంకో అడుగు వేశారు. రోగి సొంత టీ కణాలనే (రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు) తీసి, వాటి మీద క్లోరోటాక్సిన్ మొలిచేలా మార్చి, కణితిని వెతుక్కుంటూ పోయేలా చేశారు. కార్‌-టీ అంటారు. ఇదీ ట్రయల్స్ దశలోనే.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. పాము విషం నుంచి కాప్టోప్రిల్ అనే బీపీ మందు 1981లోనే వచ్చింది. గుల్ల నత్త విషం నుంచి జికోనోటైడ్ అనే నొప్పి మందు 2004లో, గీలా మాన్‌స్టర్ అనే బల్లి లాలాజలం నుంచి ఎక్సెనటైడ్ అనే షుగర్ మందు 2005లో వచ్చాయి. తేలు ఖాతాలో మాత్రం అమెరికాలో మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ అనుమతించిన చికిత్స మందు ఒక్కటీ లేదు. విషానికి విరుగుడు సీరం ఉంది, అది వేరు. "అమెరికా కంపెనీలు ఎగబడుతున్నాయి" అనేవాడిని ఏ మందుకోసమో పేరు చెప్పమనండి.

కోడుమూరు_కుర్రోడు
కర్నూలు జిల్లాలో మా కోడుమూరు పేరు ఇంకా రాలేదేంటా అని చూస్తన్నా. శ్రావణ మాసం మూడో సోమవారం మా కొండమీద కొండలరాయుడికి తేళ్లే నైవేద్యం. రాళ్లు తిప్పి, దొరికిన తేలును దారానికి కట్టి తెచ్చి సామి మీద వదులుతారు. చిన్న పిల్లోళ్లు కూడా అరచేతిలో పెట్టుకుంటారు. నేను కూడా ఆరో క్లాసులో పట్టుకున్యా. కాళ్లు గరుగ్గా, చీపురుపుల్ల పాకినట్టు ఉంటాది. కుట్టదని కాదు, కుడితే గుడి చుట్టూ మూడు చుట్లు తిరిగితే దిగుతాదని నమ్మకం. అమ్మాలంటే మా కొండమీద రాయికొకటి ఉంది, రమ్మనండి మీ బావమరిదిని 😀

పీహెచ్‌సీ_డాక్టర్
నేను రాయలసీమలో ఒక పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌ని. కొండ మీద నమ్మకం గురించి నేనేమీ అనను, కానీ "చుట్లు తిరిగితే దిగుతుంది" అన్నచోట ఆగాలి. అది ఎందుకు నిజంలా కనిపిస్తుందో చెప్తాను. పెద్ద నల్ల తేలు, మండ్రగబ్బ అంటాం కదా, అది కుడితే ప్రాణం పోయినంత నొప్పి ఉంటుంది కానీ సాధారణంగా ప్రాణం పోదు, కొన్ని గంటల్లో దానంతటదే తగ్గుతుంది. ఆ కొన్ని గంటలు మంత్రం వేసినా, ఉత్తరేణి వేరు కట్టినా, చుట్లు తిరిగినా, టీవీ చూసినా తగ్గేదే. పేరు మాత్రం మంత్రానికి వస్తుంది. ప్రమాదమంతా చిన్న ఎర్ర తేలుతో. నొప్పి ఎక్కువా తక్కువా అన్నదాన్ని బట్టి ప్రమాదం తేలదు, అదే దీంతో చిక్కు.

రెండేళ్ల కిందట రాత్రి పదకొండుకు బండి మీద తొమ్మిదేళ్ల బాబును మధ్యలో కూర్చోబెట్టుకుని తెచ్చారు. సాయంత్రం ఏడింటికి ఇటుకల సందులో బంతి తీయబోతే కుట్టింది. మధ్యలో మూడు గంటలు మంత్రగాడి దగ్గరే అయిపోయాయి. చొక్కా పిండితే నీళ్లు కారేలా చెమట, రెండు వాంతులు, గుండె దడదడ. చెయ్యి పట్టుకుంటే ఫ్రిజ్‌లోంచి తీసినట్టుంది. ఎర్ర తేలు విషం నరాల్లోని సోడియం దారులను మూసుకోనివ్వదు, దాంతో ఒంట్లో అడ్రినలిన్ లాంటివన్నీ ఒక్కసారిగా కట్టతెగుతాయి. రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది, గుండె అలసిపోతుంది, చివరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. పిల్లలు పోయేది అలాగే.

ఇచ్చిన మందు ప్రాజోసిన్. పాత బీపీ మాత్ర, చాలా చౌక. బిగుసుకున్న రక్తనాళాలను వదులు చేస్తుంది. గంట గంటకూ బీపీ చూస్తూ కూర్చున్నాం. తెల్లవారుజామున వాళ్లమ్మ "సార్, వీడి కాళ్లు వెచ్చబడ్డాయి" అంది. ఆ ఒక్క మాటతో నాకు టెన్షన్ దిగింది. గండం గడిచిందనడానికి మేం చూసే గుర్తు అదే.

ఈ మందును తేలు కాటుకు వాడొచ్చని ప్రపంచానికి చూపించింది మహారాష్ట్ర రాయగఢ్ జిల్లాలో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్. ఆయనా పీహెచ్‌సీ డాక్టరే. మంచాల పక్కన రాత్రంతా కూర్చుని లక్షణాలు రాసుకుని 1982లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు, 1986లో ప్రాజోసిన్ గురించి అందులోనే రాశారు. తీవ్రంగా విషం ఎక్కినవాళ్లలో వందకు నలభై దాకా ఉన్న మరణాలు ఒక శాతానికి వచ్చాయి. 2011లో భార్య డాక్టర్ ప్రమోదినితో కలిసి, ప్రాజోసిన్‌తో పాటు విరుగుడు సీరం కూడా ఇస్తే ఇంకా తొందరగా కోలుకుంటారని చూపించారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. తేలు విషాన్ని అర్థం చేసుకోవడం వల్ల మన పల్లెల్లో నిజంగా ప్రాణాలు నిలబెట్టిన మందు ఏదంటే నేను దీన్నే చెప్తాను. ఇది విషంలోంచి తీసింది కాదు, విషం ఏం చేస్తుందో చూసి ఎంచుకున్నది. (మాత్రలు కొని ఇంట్లో పెట్టుకుని మీరే వేయకండి. బీపీ పడిపోతుంది. ఆసుపత్రికి తీసుకురండి.)

కోడుమూరు_కుర్రోడు
డాక్టర్ సార్, ఇది మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెడతన్నా. పండగ ఆపరు గానీ కనీసం బండి రెడీగా పెట్టుకుంటారు.

ఎర్రతేలు_స్కాలర్
ఎర్ర తేలును అందరూ విలన్‌ని చేసేశారు కాబట్టి దాని తరఫున నేను రెండు ముక్కలు. బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తున్నాను. మా ల్యాబ్ ఫ్రీజర్‌లో ఐబీరియోటాక్సిన్ అని ఒక చిన్న సీసా ఉంటుంది. ఐబీరియా అంటే స్పెయిన్ ఉన్న ప్రాంతం కాబట్టి పేరు వింటే స్పెయిన్‌ది అనుకుంటారు, తీరా చూస్తే 1990లో మన భారత ఎర్ర తేలు విషంలోంచే వేరుచేసింది. 37 అమైనో ఆమ్లాలు. కండరాల్లో, రక్తనాళాల్లో పొటాషియం బయటికి పోయే పెద్ద దారి ఒకటి ఉంటుంది, బీకే చానల్ అంటాం. ఇది సరిగ్గా దానికే బిరడాలా పడుతుంది.

మందు కాదు, పనిముట్టు. అపార్ట్‌మెంట్లో ఏ వాల్వు ఏ పైపుదో తెలియకపోతే ఒక్కొక్కటే కట్టేసి చూస్తాం కదా, అలా వాల్వు కట్టేయడానికి వాడతాం. రక్తనాళాలు, మూత్రాశయం, ఉబ్బసం మీద జరిగే పరిశోధనల్లో దీన్ని ప్రపంచమంతా వాడతారు. మైక్రోగ్రాముల లెక్కన అమ్ముతారు. మా గైడ్ గారు ఆ సీసా తీసేటప్పుడు మమ్మల్ని ఊపిరి కూడా మెల్లగా పీల్చమంటారు 🙂 అన్నట్టు మేం కొనేది కూడా ల్యాబ్‌లో తయారుచేసిందే, పంతులు గారి బాపతు.

నల్లమల_మూలిక
ఇవన్నీ మనవాళ్లకు ఎప్పుడో తెలుసు. విషమే ఔషధం అన్నారు. వత్సనాభి అనే విషపు మూలికను శుద్ధి చేసి వాడట్లేదా? అమెరికావాడు చెప్తేనే నమ్ముతారు.

పెప్టైడ్_పంతులు
అన్నా, వత్సనాభిని శుద్ధి చేయకుండా ఇస్తే మనిషి పోతాడని తెలిసినవాళ్లే ఆ శుద్ధి పద్ధతి రాశారు. ఎంత ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అని చూశారు. ఇప్పుడు ట్రయల్స్‌లో చేసేదీ అదేగా. నా గొడవ ఆ లెక్క చూడకుండా అమ్మేవాళ్లతోనే.

అనామిక_77
అడగొచ్చో లేదో. మా నాన్నగారికి లివర్ క్యాన్సర్ వచ్చినప్పుడు తెలిసినాయన ఒకరు క్యూబా నీలి తేలు విషం చుక్కలు అని తెప్పించి ఇచ్చారు. నాలుక కింద రోజూ వేసేవాళ్లం. బంగారం తాకట్టు పెట్టి కొన్నాం. నాన్నగారు పోయి మూడేళ్లయింది. అది నిజంగా పనిచేసేదేనా, మేమే ఆలస్యంగా మొదలుపెట్టామా అని ఇప్పటికీ మనసులో ఉండిపోయింది.

పీహెచ్‌సీ_డాక్టర్
అమ్మా, ఆలస్యం చేశామన్న ఆ బరువు ఈ రోజుతో దించేసుకోండి. ముందు వేసినా ఒరిగేది లేదు.

పెప్టైడ్_పంతులు
డాక్టర్ గారు చెప్పిందే. క్యూబాలో లాబియోఫామ్ అనే ప్రభుత్వ సంస్థ 2010లో విడుదల చేసిన విడాటాక్స్ 30సీహెచ్ అనే చుక్కలు అయ్యుంటాయి. అది హోమియో పలచన. ఒక వంతు విషానికి తొంభైతొమ్మిది వంతుల ద్రవం, అలా ముప్పై సార్లు. ఒకటి పక్కన అరవై సున్నాలు. ఆ సీసాలో విషం అణువు ఒక్కటి కూడా ఉండనట్టే. లివర్ క్యాన్సర్ కణాల మీద, ఎలుకల మీద దీన్ని పరీక్షించిన ఒక పరిశోధన 2017లో వచ్చింది, మేలు కనబడలేదు సరికదా కణితి పెరగడమే చూశారు. ఎలుకల్లో చూసింది మీ నాన్నగారికి జరిగిందని కాదు, దయచేసి అలా తీసుకోకండి. ఇంకెవరైనా కొనబోతుంటే ఆపడానికి మాత్రం చెప్తున్నా.

అనామిక_77
థాంక్సండీ. ఇన్నాళ్లూ ఎవరినీ అడగలేకపోయాను.

ఎర్రతేలు_స్కాలర్
మూడ్ కాస్త మార్చడానికి ఒక ఎలుక కథ. అమెరికా అరిజోనా ఎడారిలో గ్రాస్‌హాపర్ మౌస్ అని ఉంటుంది, బార్క్ తేలును పట్టుకుని తినేస్తుంది. మూతి మీద కుట్టించుకుంటూనే, కాసేపు మూతి నాక్కుని మళ్లీ తింటుంది. ఎలాగంటే, దాని నరాల్లో నొప్పిని మోసే ఒక సోడియం చానల్ కొంచెం మారిపోయి ఉంది. తేలు విషం పోయి ఆ చానల్‌నే మూసేస్తుంది. మనకు మంట పెట్టే విషం దానికి నొప్పి మాత్రలా పనిచేస్తుంది. 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. వ్యసనంగా మారని నొప్పి మందుల కోసం వెతికేవాళ్లు ఆ చానల్ మీద అందుకే కన్నేశారు. ఆస్ట్రేలియా నల్ల రాతి తేలులో దొరికిన ఇంకో అణువు ఆవాలు, వాసబీ (జపాన్‌వాళ్ల ఘాటు పచ్చడి) ఘాటును నరాలకు తెలిపే గ్రాహకాన్ని, అంటే సెన్సర్ లాంటిదాన్ని, తాకుతుంది. 2019లో డేవిడ్ జూలియస్ ల్యాబ్ బయటపెట్టింది, ఆయనకే 2021లో నోబెల్ వచ్చింది.

పెప్టైడ్_పంతులు
2019లోనే మెక్సికోది కూడా చెప్పాలి. లూరివల్ పొసానీ అనే ఆయన జీవితమంతా తేళ్ల మీదే. ఆయన బృందం డిప్లోసెంట్రస్ మెలిసీ అనే తేలు విషం తీసి గాలి తగలనిస్తే రంగు మారింది. ఆ రంగుల వెనక రెండు కొత్త అణువులు దొరికాయి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ జేర్ వాళ్లు వాటి నిర్మాణం తేల్చి ల్యాబ్‌లో తయారుచేశారు. ఎరుపుది స్టెఫిలోకాకస్ (స్టాఫ్) బ్యాక్టీరియాను, నీలంది మామూలు మందులకు లొంగని టీబీ క్రిమిని సైతం చంపింది. ఎలుకల దాకానే వచ్చింది. వాళ్ల చేతిలో ఉన్న విషం అర మైక్రోలీటరు లాంటి లెక్కలు. అంత కొంచెంతో పని అయిపోయింది, ఆ తర్వాత అంతా గాజు సీసాల్లో తయారీయే. వాసు గారూ, ఇది కూడా మీవాడికి పంపండి.

దర్శి_వాసు
అందరికీ పేరుపేరునా థాంక్స్. అప్‌డేట్. నిన్న రాత్రి మొత్తం త్రెడ్ వాడికి చదివి వినిపించా. పంతులు గారు చెప్పినట్టే ఆ నంబరుకు ఫోన్ చేయించి, మీరు విషం ఏ కంపెనీకి అమ్ముతారు, ఏ మందులో వాడతారు అని అడిగించా. "సార్, అది కాన్ఫిడెన్షియల్" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

హమ్మయ్య అనుకుంటే మావాడు ఒక్క మాటా మాట్లాడడు. తేలుకుట్టిన దొంగలా గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. మా ఆవిడ గదమాయిస్తే అప్పుడు బయటపడింది. పది రోజుల కిందటే 25 వేలు అడ్వాన్స్ పంపాడట, బుకింగ్ అయిపోతుందని.

బెజవాడ_బుల్లోడు
రసీదు ఏమన్నా ఉందా?

దర్శి_వాసు
ఎక్కడిది. ఫోన్‌పే స్క్రీన్‌షాట్ ఒకటుంది. అందులో పేరు చూస్తే ఏదో మొబైల్ షాపుది.

బెజవాడ_బుల్లోడు
ఇప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించు. పది రోజులైంది, అయినా చేయించు. బ్యాంకులో కూడా రాసివ్వండి. ఆ వీడియో లింకు, నంబరు దాచిపెట్టుకో, వాడు డిలీట్ కొట్టేలోపు.

దర్శి_వాసు
చేయిస్తున్నా అన్నా, లైన్లో ఉన్నాడు. డాక్టర్ గారూ, ఇంకొకటి. పొద్దున షెడ్డు శుభ్రం చేస్తుంటే ఇటుకల కింద వేలెడంత ఎర్రది ఒకటి కనిపించింది. మా పిల్లలు సెలవులకు వచ్చి అక్కడే ఆడుతున్నారు.

పీహెచ్‌సీ_డాక్టర్
పిల్లల్ని అటు పోనివ్వకండి. ఇటుకలు చేత్తో తీయకండి, పార వాడండి, బూట్లు వేసుకోండి. రాత్రిపూట టార్చి లేకుండా అటు వెళ్లొద్దు. మీ దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ప్రాజోసిన్ ఉందో ఇవాళే కనుక్కోండి.